ఇల్లు అమ్మేసి వచ్చేయమంటున్నారు, ఏం చేయను?

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ గోదావరి జిల్లాల నుంచి 71 ఏళ్ల తల్లి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమె భర్త ప్రభుత్వ ఉద్యోగి. 1989లో తన సంపాదనతో కొన్న 300 గజాల స్థలంలో, పీఎఫ్ అప్పు తీసుకుని ఇల్లు కట్టారు. పదేళ్ల తర్వాత పైన ఒక పోర్షన్ వేశారు. నాలుగేళ్ల కిందట ఆయన పోయారు. వీలునామా రాయలేదు. అత్తగారు అంతకు ముందే కాలం చేశారు. ఈమెకు కుటుంబ పింఛను 26 వేలు, పై పోర్షన్ అద్దె 9 వేలు వస్తున్నాయి. కొడుకు డాలస్‌లో ఉన్నాడు. కూతురు హైదరాబాద్‌లో అత్తమామలతో కలిసి రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉంటోంది. కిందటి కార్తీక మాసంలో తెల్లవారుజామున పెరట్లో ఉన్న బాత్రూమ్‌కు వెళ్తూ ఈమె జారిపడ్డారు. మణికట్టు విరిగింది. దాదాపు గంటసేపు ఎవరూ చూడలేదు. పాలు పోసే అబ్బాయి వచ్చి లేపాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంటి గురించి తలా ఒక మాట అంటున్నారు. ఇల్లు అమ్మితే కోటీ ఇరవై లక్షలు వస్తాయని, ఆ డబ్బంతా హైదరాబాద్ పడమటి శివార్లలో ఇంకా అధికారికంగా అమ్మకాలు మొదలుకాని, ప్రీ లాంచ్ దశలో ఉన్న ఒక ప్రాజెక్టులో ఒకేసారి కడితే ఫ్లాట్ సగం ధరకే వస్తుందని కొడుకు అంటున్నాడు. ఫ్లాట్ తన పేరు మీద ఉంటుంది, పూర్తయ్యాక అమ్మ అందులో ఉండవచ్చు, అప్పటివరకు చెల్లి ఇంట్లో సర్దుకోవాలి. కూతురేమో పెద్దవాళ్ల కోసం కట్టిన కమ్యూనిటీలో చేరమంటోంది. తర్వాత గొడవలు రాకుండా ఇంటి వాటాలు ఇప్పుడే దాన దస్తావేజు రాసి ఇచ్చేయమని కూడా అడిగింది. స్థలం డెవలప్‌మెంటుకు, అంటే బిల్డరు ఫ్లాట్లు కట్టి కొన్ని మనకిచ్చే పద్ధతిలో, ఇమ్మని మరిది కొడుకు సలహా. ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టి, అందులోనే ఉంటూ నెలనెలా డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ గురించి పక్కింటి రిటైర్డ్ మేనేజరుగారు చెప్పారు.

“నా ఇంటి గురించి నలుగురూ మాట్లాడుతున్నారు. నీకు ఎక్కడ ఉండాలని ఉంది అని ఒక్కరూ అడగలేదు. కాదంటే అబ్బాయి మనసు కష్టపడుతుందేమో. పెరట్లో ఆయన నాటిన పారిజాతం ఉంది. ఆ చెట్టును వదలలేకపోవడం నా చాదస్తమా?” అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో ‘నా ఇల్లు’ అన్న మాట పదకొండు చోట్ల ఉంది. ముందు ఆ మాట దగ్గర ఆగుదాం. మీకు కొంచెం బాధ కలిగించే సంగతి ఇది, కానీ మిగతా సలహాలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇల్లు మీవారి పేరు మీద ఉంది. ఆయన స్వార్జితం. వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కు, కూతురికి సమాన భాగాలు వస్తాయి. మీ అత్తగారు ఉండి ఉంటే ఆమెకూ ఒక భాగం వచ్చేది. కాబట్టి కాగితం మీద ఇప్పుడు మీది మూడింట ఒక వంతు. నాలుగేళ్లుగా కరెంటు బిల్లు, ఇంటి పన్ను మీరే కడుతున్నా ఈ లెక్క మారదు. ఇల్లు మొత్తం అమ్మాలంటే ముగ్గురూ సంతకం పెట్టాలి. మీ అబ్బాయి రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. కూతురు అడిగినట్టు దానం రాయాలన్నా మీరు రాయగలిగింది మీ మూడో వంతే. మిగతా రెండు భాగాలు ఇప్పటికే పిల్లలవి.

ఇందులో మీకు ఊరట ఒకటి ఉంది. మీ సంతకం లేకుండా ఆ ఇల్లు మొత్తాన్ని ఎవరూ అమ్మలేరు. ‘నెలాఖరులోగా తేల్చాలి’ అని అబ్బాయి అన్నాడని రాశారు. ఆ గడువు ఫ్లాట్లు అమ్మేవాళ్లు పెట్టుకున్నది. మీకు అలాంటి గడువు ఏదీ లేదు.

ఇక మీ ఇంట్లో నడుస్తున్న చర్చ చూస్తే, రెండు వేరు వేరు ప్రశ్నలు ఒకే ముడిలో పడ్డాయి. అమ్మ ఎక్కడ క్షేమంగా ఉంటుంది అన్నది ఒకటి. కుటుంబం డబ్బు ఎక్కడ పెడితే పెరుగుతుంది అన్నది రెండోది. పెట్టుబడికి పదేళ్లు ఆగవచ్చు, రెండేళ్లు ఆలస్యమైనా సర్దుకోవచ్చు, ఇరవై నాలుగో అంతస్తైనా ఫరవాలేదు. కానీ 71 ఏళ్ల మనిషికి కావలసిన గది రేపు ఉదయానికి కావాలి. బాత్రూమ్ మంచానికి నాలుగు అడుగుల్లో ఉండాలి, కేక వేస్తే వినపడే దూరంలో ఒక మనిషి ఉండాలి. ఒకే ఫ్లాట్‌తో ఈ రెండూ తీరిపోవాలని మీ అబ్బాయి ఆశపడుతున్నాడు. అతనిది దురుద్దేశమని నాకు అనిపించడం లేదు. అమ్మ గంటసేపు నేల మీద పడి ఉందన్న వార్త డాలస్‌లో విన్న కొడుకుకు నిద్ర పట్టదు. ఆ భయంలో ఎవరో చూపించిన బ్రోచరు పరిష్కారంలా కనిపించింది.

ఆ ప్రాజెక్టు సంగతి మాత్రం నిర్మొహమాటంగా చెబుతాను. 2016 నాటి రెరా చట్టం (స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే చట్టం) ప్రకారం, చిన్నపాటి నిర్మాణాలను మినహాయిస్తే, రెరాలో నమోదు కాని ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పు. నమోదైన ప్రాజెక్టులో కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ‘డబ్బంతా ముందే కట్టండి, సగం ధరకే ఇస్తాం’ అన్న ప్రీ లాంచ్ బేరం ఈ రెండు నియమాలకూ విరుద్ధం. అనుమతులు రాకముందే, కొన్నిసార్లు స్థలం కూడా పూర్తిగా చేతికి రాకముందే, కొనేవాళ్ల డబ్బుతో స్థలం కొనాలనుకునే బిల్డరే అంత తగ్గింపు ఇస్తాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలా కట్టి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా పోసినవాళ్లు ఉన్నారు. ప్రాజెక్టుకు రెరా నంబరు ఉందా అని అబ్బాయిని అడగండి. ‘త్వరలో వస్తుంది’ అన్నది జవాబైతే ఒక్క రూపాయి కూడా కట్టవద్దని నా గట్టి మాట. ఈ ఉత్తరంలో ఇంత ఖరాకండిగా నేను చెప్పేది ఇదొక్కటే.

పన్ను వైపు నుంచీ ఆ పథకానికి చిక్కు ఉంది. పాత ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద దీర్ఘకాలిక మూలధన లాభం పన్ను పడుతుంది. 2001కి ముందు కొన్న ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి మీరూ మీ అమ్మాయీ ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ప్రవాసిగా ఉన్న మీ అబ్బాయికి ఆ ఎంపిక లేదు. అతని వాటాకు కొనుగోలుదారు ముందుగా కోసే పన్ను కూడా ఎక్కువ. లాభాన్ని మరో ఇంటి మీద పెడితే మినహాయింపు ఉంది. కొనడానికి రెండేళ్లు, కట్టించుకోవడానికి మూడేళ్లు గడువు. మీ వాటాకు ఆ మినహాయింపు నిక్కచ్చిగా నిలబడాలంటే కొత్త ఇల్లు మీ పేరు మీద ఉండాలి, గడువులో పూర్తి కావాలి. కొడుకు పేరు మీద, ఇంకా పునాది పడని ఫ్లాట్‌తో ఆ రెండూ చిక్కులో పడతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీరు అడగకపోయినా నేను మొదట చెప్పాలనుకున్నది ఉన్న ఇంటిని మీ వయసుకు తగినట్టు మార్చుకోవడం. మీ ఉత్తరం మొత్తంలో ప్రమాదం జరిగిన చోటు ఒక్కటే, పెరటి బాత్రూమ్ దారి. ఆ ఒక్క దారి కోసం ఇల్లంతా అమ్మాలా? మీ పడకగదికి ఆనుకుని ఉన్న సామాన్ల గదిని బాత్రూమ్‌గా మార్చవచ్చునేమో ఒక మంచి మేస్త్రీని పిలిచి చూపించండి. కూర్చునే కమోడ్, దాని పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టిగా బిగించిన స్టీలు కడ్డీలు, జారని గరుకు టైల్స్, కూర్చుని స్నానం చేయడానికి పీట. గడప వద్దు. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు పెట్టించండి, ఏనాడైనా చక్రాల కుర్చీ అవసరమైతే పడుతుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ తోయలేరు. లోపలి గడియ కూడా బయటి నుంచి తీయగలిగేదిగా ఉండాలి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించండి. వీధి గుమ్మం మెట్ల పక్కన వాలు కట్టించేటప్పుడు ప్రతి అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండేలా చూడమనండి. మేస్త్రీలు స్థలం కలిసి వస్తుందని నిటారుగా పోస్తారు, అది మెట్ల కంటే ప్రమాదం.

మిగిలింది ఒంటరితనం. పై పోర్షన్‌లో ఎవరున్నారో రాయలేదు. ఈసారి ఖాళీ అయినప్పుడు అద్దె వెయ్యి తగ్గినా సరే, నర్సుగానో టీచరుగానో పనిచేసే అమ్మాయి ఉన్న కుటుంబానికి ఇవ్వండి. రాత్రి ఒక కాలింగ్ బెల్ మీ మంచం దగ్గర నుంచి పైకి లాగించుకోండి. పగలు నాలుగు గంటలు సాయం ఉండే మనిషి జీతం మీ అద్దె డబ్బుతో సరిపోతుంది.

ఈ దారికీ పరిమితి ఉంది. కాళ్లూ చేతులూ ఆడినంతకాలం ఇది హాయి. మంచాన పడితే, మతిమరుపు ముదిరితే, నాలుగు గంటల సాయం చాలదు. అప్పుడు ఏమిటన్నది ఇప్పుడే పిల్లలతో మాట్లాడుకోవాలి.

రెండో దారి హైదరాబాద్ వెళ్లడం, కానీ అమ్మకుండా వెళ్లడం. కూతురి అపార్ట్‌మెంటులోనే, లేదా నడిచి వెళ్లే దూరంలో చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఒక సంవత్సరం ఉండి చూడండి. మీ ఇల్లు పైనా కిందా అద్దెకు ఇస్తే వచ్చేది అక్కడి అద్దెకు పూర్తిగా చాలకపోవచ్చు, ఆ తేడా పిల్లలిద్దరూ భరించాలి. లిఫ్టు పనిచేయని రోజు ఏమవుతుందో, తెలిసిన ముఖం లేని కారిడార్‌లో సాయంత్రాలు ఎలా గడుస్తాయో, కూతురు రోజుకు ఎన్నిసార్లు రాగలుగుతుందో ఆ ఏడాదిలో తెలుస్తుంది. నచ్చితే అప్పుడు అమ్మకం ఆలోచించండి. నచ్చకపోతే తిరిగి రావడానికి ఇల్లు ఉంటుంది. ‘అప్పటివరకు చెల్లి ఇంట్లో సర్దుకోవాలి’ అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. రెండు గదుల్లో ఇప్పటికే ఇద్దరు పెద్దవాళ్లను చూసుకుంటున్న అమ్మాయిని, మిమ్మల్ని, ఇద్దరినీ అది నలిపేస్తుంది.

కూతురు చెప్పిన కమ్యూనిటీలు చెడ్డవి కావు. వంట, డాక్టరు, తోటి వయసువాళ్ల కబుర్లు దొరుకుతాయి. అక్కడికి వెళ్లాక ముఖంలో వెలుగు వచ్చినవాళ్లను నేను చూశాను. కానీ కొనేముందు నెల రోజులు డబ్బు కట్టి అతిథిగా ఉండండి. ఒప్పందం చదివించుకుని ఇవి అడగండి. ఇల్లు మీ పేరు మీద రిజిస్టర్ అవుతుందా, లేక డిపాజిట్ కట్టి ఉండటమేనా? వదిలి వెళ్తే డిపాజిట్‌లో ఎంత, ఎన్ని నెలల్లో తిరిగి ఇస్తారు? నెలసరి ఖర్చు ఏటా ఎంత పెంచవచ్చు? అన్నిటికంటే ముఖ్యంగా, మంచాన పడిన రోజున ఉంచుకుంటారా, తీసుకెళ్లమంటారా? ఈ ఆఖరి ప్రశ్నకు చాలాచోట్ల జవాబు నసుగుతుంది. ఇలాంటి ఇళ్ల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. నమూనా అంటే నమూనాయే, మిమ్మల్ని కాపాడేది మీరు సంతకం పెట్టే ఒప్పందమే.

డెవలప్‌మెంటు విషయానికి వస్తే, మీ 300 గజాల స్థలంలో, ఉన్న ఊళ్లోనే లిఫ్టు ఉన్న కొత్త ఫ్లాట్, దానితో పాటు అద్దెకు ఇచ్చుకునే మరో ఒకటి రెండు ఫ్లాట్లు రావచ్చు. పిల్లల వాటాలు కూడా అందులోనే తేలిపోతాయి. అందుకే ఇది ఆకర్షణీయం. కానీ రెండు మూడేళ్లు మీరు అద్దె ఇంట్లో ఉండాలి, అదీ 71 ఏళ్ల వయసులో. ఇంకొక సంగతి: 500 చదరపు మీటర్లకు మించని స్థలానికి రెరా నమోదు తప్పనిసరి కాదు. మీది 250 చదరపు మీటర్లు. అంటే బిల్డరు ఆలస్యం చేస్తే మీకు ఆ అండ ఉండకపోవచ్చు. ఒప్పందంలో మీ ఫ్లాట్లు ఏవో పేరుపేరునా రాయాలి. మీకు అప్పగించే దాకా అద్దె అతనే కట్టాలి, గడువు దాటితే నెలకు ఇంత అని జరిమానా ఉండాలి. మీ ఫ్లాట్లు చేతికి రాకముందే తన ఫ్లాట్లన్నీ అమ్ముకునే అధికారం అతనికి ఇవ్వకూడదు. ఇవేవీ కుదరదన్న బిల్డరుతో మాటలు అక్కడే ఆపేయండి, మరిది కొడుకు స్నేహితుడైనా సరే.

రివర్స్ మార్ట్‌గేజ్ మీకు ఇప్పుడు అవసరం లేదు. ఇల్లు ఉండి నెల గడవని పెద్దల కోసం 2007 బడ్జెట్‌లో ప్రకటించిన పథకం అది. మీకు నెలకు 35 వేలు వస్తున్నాయి. పైగా ఇల్లు మీ ఒక్కరి పేరు మీద లేదు, బ్యాంకు ఒప్పుకోదు.

అన్నీ ఆలోచించి అమ్మడానికే ముగ్గురూ సిద్ధపడితే, ఒక లెక్క గుర్తుంచుకోండి. కోటీ ఇరవైలో మీ భాగం 40 లక్షలు. అది మీ పేరు మీదే, మీ ఖాతాలోనే పడాలి. అందులో 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో పెడితే 2025లో ఉన్న 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకు 61,500 రూపాయలు వస్తాయి. పింఛనుతో కలిపి ఏ ఊళ్లోనైనా మంచి ఇంటికి అద్దె కట్టుకుని బతకగలరు. పన్ను ఎంత పడుతుందో ముందే ఆడిటరుతో లెక్క వేయించుకోండి.

దానం సంగతి. అమ్మాయి గొడవలు రాకూడదనే అడిగి ఉండవచ్చు. కానీ దాన దస్తావేజు ఒకసారి రిజిస్టర్ అయ్యాక మనసు మార్చుకుంటే రద్దు కాదు. వీలునామా అలా కాదు, బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా తిరిగి రాయవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. తప్పనిసరిగా దానమే రాయాలనుకుంటే, మీరు జీవించినంతకాలం అక్కడ ఉండే హక్కు, మీ పోషణ చూసే బాధ్యత అందులో స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే దానాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు, మన దగ్గర ఆర్డీవో వద్దకు వెళ్లాలి. దస్తావేజులో అలాంటి షరతు లేకపోతే ఆ సెక్షన్ సాయపడదని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చూడాలంది. ఏ తీర్పు ఎలా ఉన్నా కాగితం మీద షరతు ఉండటమే మీకు రక్ష.

పిల్లలిద్దరూ తమ భాగాలను హక్కు విడుదల దస్తావేజుతో మీ పేరు మీదికి మార్చి, మీరు వాళ్లిద్దరికీ సమానంగా వీలునామా రాయడం ఒక మార్గం. వాళ్లకు అది ఇష్టం లేకపోతే, ముగ్గురి భాగాలూ అలాగే ఉంచి, మీరున్నంతకాలం ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీవేనని కుటుంబ ఒప్పందం రిజిస్టర్ చేసుకోవచ్చు. మొదటిదానిలో మీకు పూర్తి అధికారం, పిల్లలకు కొంచెం బెరుకు. రెండోదానిలో అందరికీ ధైర్యం, కానీ ఏ పనికైనా మూడు సంతకాలు. మీ ఇంటి మనుషుల సంగతి మీకే బాగా తెలుసు. తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, సబ్ రిజిస్ట్రారు దగ్గర ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఈ రెండూ ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ఏ దారిలో వెళ్లినా కావాలి.

అబ్బాయితో ఎలా మాట్లాడాలని అడిగారు. ‘కాదు’ అనడంతో మొదలుపెట్టకండి. అతని భయం గురించి ముందు మాట్లాడండి. ‘ఆ రోజు నాకూ భయం వేసింది నాన్నా. అందుకే బాత్రూమ్ మార్పిస్తున్నాను, మనిషిని పెట్టుకుంటున్నాను’ అని చెప్పండి. ఆ తర్వాత ఫ్లాట్ మాట ఎత్తండి. అతనికి హైదరాబాద్‌లో ఫ్లాట్ కావాలంటే రెరా నంబరు ఉన్నది చూసి, తన సంపాదనతో కొనుక్కోవచ్చు. పూర్తయ్యాక మీరు వెళ్లి నాలుగు నెలలు ఉండి రావచ్చు. మీ నివాసాన్ని అందులో కలపవద్దని మాత్రం చెప్పండి. పిల్లలిద్దరినీ ఒకే ఫోన్ కాల్‌లో ఉంచి మాట్లాడండి. ఒకరితో విడిగా అన్న మాట రెండోవాళ్లకు చేరేసరికి రూపం మారిపోతుంది. ఒకవేళ ఎవరైనా సంతకం కోసం ఒత్తిడి పెంచితే 14567 నంబరుకు ఫోన్ చేయండి. అది పెద్దవాళ్ల కోసం నడుస్తున్న ఉచిత సహాయ కేంద్రం.

పారిజాతం గురించి. చాదస్తం కాదమ్మా. ముప్పై ఆరేళ్లు ఒక చోట ఉన్న మనిషికి చీకట్లో కూడా స్విచ్చి ఎక్కడుందో చేతికి తెలుసు. పాలు పోసే అబ్బాయి వేళ తెలుసు, పూలు రాలే వేళ తెలుసు. ఆ తెలిసినతనమే ఆ ఉదయం మిమ్మల్ని లేపింది. కొత్త చోట అలాంటి మనుషులు ఏర్పడటానికి ఏళ్లు పడుతుంది. ఇల్లు విలువ కట్టేటప్పుడు దీన్నీ లెక్కలోకి తీసుకోండి. ఒకవేళ వెళ్లాలనే నిర్ణయించుకుంటే వానాకాలంలో దాని కొమ్మ ఒకటి అంటు కట్టించి కుండీలో తీసుకెళ్లవచ్చు.

అబ్బాయి డిసెంబరులో వస్తున్నాడని రాశారు. కాగితాల సంగతులన్నీ అప్పుడు ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. బాత్రూమ్ పని మాత్రం డిసెంబరు దాకా ఆపకండి. మేస్త్రీని ఈ వారమే పిలవండి, పని పూర్తయ్యేవరకు రాత్రిపూట పెరట్లోకి ఒంటరిగా వెళ్లకండి.